దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని మన పెద్దలు చెప్పిన సామెత ఈనాడు కరెంటు బిల్లుకు సరిగ్గా అతుకుతుంది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఇదే హాస్టల్లో అన్నం తిని, ఇవే గదుల్లో చదువుకుని బయటికి వెళ్లిన మేము కొందరం కూర్చుని ఆలోచించాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. ఇంటి ఖర్చు గురించి, అందులోనూ కరెంటు ఖర్చు గురించి మనలో మనం మాట్లాడుకోవడం తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. పొదుపు అంటే చీకట్లో కూర్చోవడం కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్న డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ విద్యుత్తు వ్యవహారాలు కూడా చూశారు. 1943 అక్టోబరు 25న ఢిల్లీలో విద్యుత్ విధాన కమిటీ ముందు మాట్లాడుతూ, ఈ దేశం పేదరికం నుంచి బయటపడాలంటే పరిశ్రమలు రావాలి, పరిశ్రమలు రావాలంటే కరెంటు చవకగా, సమృద్ధిగా దొరకాలి అనే వాదన వినిపించారు. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను తలచుకునే మనం ఈ సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. పేదవాడి ఇంట్లో దీపం వెలగడం, పిల్లవాడు ఉక్కపోత లేకుండా చదువుకోవడం హక్కే తప్ప విలాసం కాదు. కాబట్టి ఫ్యాన్ ఆపుకుని చెమటలో చదవమని మేము చెప్పడం లేదు. అదే గాలి, అదే వెలుగు తక్కువ యూనిట్లకు దొరికే దారి ఉంది, దానిని పట్టుకుందాం అంటున్నాం.

"మనకు కరెంటు ఉచితమే కదన్నా, మనకెందుకీ లెక్కలు?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఉచిత విద్యుత్ పరిమితిని నెలకు 100 యూనిట్ల నుంచి 200 యూనిట్లకు పెంచింది. అది మన ఇళ్లకు పెద్ద ఆసరా. కానీ ఆ ఆసరాకు ఒక గీత ఉంది. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ, నీళ్ల మోటారు, వేసవిలో ఒక కూలర్ ఉన్న ఇల్లు రోహిణి కార్తెలో ఆ గీత దగ్గరికి చేరడం కష్టమేమీ కాదు. గీత దాటిన నెల బిల్లు చేతికి వస్తుంది. పైగా మన హాస్టల్లో చదివిన వాళ్లందరూ ఊళ్లోనే లేరు. పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు పోయి అద్దె ఇళ్లలో ఉన్నవారికి మన రాష్ట్రం ఇచ్చే ఈ మినహాయింపు వర్తించదు. పథకాలు ప్రభుత్వాలతో మారవచ్చు. చేతికి వచ్చిన అలవాటు మాత్రం మనతోనే ఉంటుంది.

ఇక లెక్కకు వద్దాం. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి అమలైన ఇళ్ల రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, ఆ పైన 400 వరకు 8.75. ఈ రేట్లతో 150 యూనిట్లు వాడిన ఇంటికి 567 రూపాయలు పడుతుంది. 100 యూనిట్లు వాడిన ఇంటికి 304.50 రూపాయలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరు. వాడకం మూడో వంతు తగ్గితే ఈ మొత్తం దాదాపు సగం తగ్గింది! పై మెట్టు మీది యూనిట్లే ఖరీదైనవి, తగ్గించినప్పుడు ముందుగా పోయేవి కూడా అవే. ఆ తేడా 262.50 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రానికి ప్రకటించిన ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే అమ్మో నాన్నో ఎండలో గడ్డపార పట్టి సంపాదించిన ఒక రోజు కూలిలో చాలా భాగం ప్రతి నెలా అక్కడ పోతోందన్నమాట. మిరప కోతలకు, పత్తి తీతకు పోయే ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు.

ఆ 50 యూనిట్లు ఎక్కడ తగ్గుతాయి? మామూలు సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. ఇప్పుడు వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలికి సుమారు 30 వాట్లే తీసుకుంటుంది కాబట్టి నెలకు 13.5 యూనిట్లతో సరిపోతుంది. ఒక్క ఫ్యాన్ దగ్గర 20, రెండింటి దగ్గర 40 యూనిట్లు మిగిలాయి. రిమోట్‌తో టీవీ ఆపి, సెట్‌టాప్ బాక్సును వెలగనిస్తే అది పది వాట్లు లాగినా, రోజుకు 20 గంటల లెక్కన నెలకు 6 యూనిట్లు. ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పారుతుండగా అర హెచ్‌పీ మోటారు రోజూ అరగంట అదనంగా తిరిగితే ఆరు యూనిట్లకు తక్కువ కాదు. ఫ్లోరైడ్ నీటితో ఇన్నేళ్లు బాధపడిన కనిగిరి ప్రాంతంలో నీళ్లను అలా పారబోయడం మరీ తప్పు. మూడూ కలిపితే 52 యూనిట్లు. ఎవరూ చీకట్లో కూర్చోలేదు, ఎవరికీ గాలి తగ్గలేదు.

అయితే ఇక్కడే అసలు చిక్కు ఉంది. దీనిని దాచిపెట్టి ఉపన్యాసం ఇస్తే అది అన్యాయం. తక్కువ కరెంటు తాగే ఫ్యాన్ ఖరీదు ఎక్కువ. కాబట్టి పేదవాడు పాత ఫ్యాన్‌నే వైండింగ్ చేయించుకుని మళ్లీ బిగించుకుంటాడు. ఇనుప పెట్టెలా వేడెక్కే పాతకాలపు రెగ్యులేటరు ఉంటే, స్పీడు తగ్గించినా కరెంటు వేడి రూపంలో పోతూనే ఉంటుంది. చేతిలో డబ్బు ఉన్నవాడు ఒకసారి ఎక్కువ పెట్టి నెలనెలా మిగుల్చుకుంటాడు, లేనివాడు తక్కువ పెట్టి నెలనెలా కడతాడు. ఇది పేదవాడి తెలివితక్కువతనం కాదు, చేతిలో ముందుగా డబ్బు లేకపోవడం.

దీనికి మందు ఉందని ఎల్‌ఈడీ బల్బు నిరూపించింది. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ టోకుగా కొన్నప్పుడు ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది. కోట్ల లెక్కన కొనేసరికి 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. ఆ తొలి రోజుల్లోనే మన పక్కనున్న గుంటూరు జిల్లాలో పాత బల్బులు తీసుకుని ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చారు. ఈ రోజు 60 వాట్ల గుండు బల్బు మన వాడల్లో వెతికినా దొరకదు. బల్బుకు చేసింది ఫ్యాన్‌కు ఎందుకు చేయకూడదు? సంక్షేమ హాస్టళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ కాలనీలకు తక్కువ కరెంటు ఫ్యాన్లు టోకుగా కొని వాయిదాల మీద ఇవ్వాలని మేము కోరుతున్నాం. ఉచిత కరెంటు ఇచ్చే ప్రభుత్వానికి కూడా ఇది లాభమే. మిగిలిన ప్రతి యూనిట్ ప్రభుత్వం కట్టాల్సిన సొమ్మే కదా.

ఇంటి కప్పు సంగతి కూడా చెప్పాలి. మన తాతల బోద కొట్టంలో వాన కారినా వేసవిలో చల్లగా ఉండేది. ఇప్పుడు రేకుల ఇల్లు, సిమెంటు శ్లాబు వచ్చాయి. పగలంతా ఎండను తాగిన శ్లాబు రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. అందుకే అర్ధరాత్రి కూడా ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది. శ్లాబు మీద చిక్కగా తెల్ల సున్నం కొడితే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. మార్చి నెలలో ఒక ఆదివారం అన్నదమ్ములు ఇద్దరు చేసుకోగల పని ఇది. పడమటి గోడకు నీడ పడేలా ఒక వేపచెట్టు పెంచితే అది పిల్లల తరం వరకు ఉంటుంది. కూలర్ పెట్టిన గదిలో ఎదురు కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. అన్నీ మూసేస్తే ఉక్కపోత తప్ప చల్లదనం రాదు.

"పట్నంలో ఏసీలు రాత్రింబవళ్లు తిరుగుతుంటే మా ఇంటి ఫ్యాన్ దగ్గరా మీకు పొదుపు కనిపించింది?" అని ఎవరైనా అడిగితే, వారి కోపం సరైనదే అంటాం. ఎక్కువ వాడేవారే ముందు తగ్గించాలి. కానీ మేము చెప్పే పొదుపు వారి కోసం కాదు. మిగిలే ఆ రెండు వందల అరవై రూపాయలు మన చెల్లెలి నోటు పుస్తకాలకు, బస్సు చార్జీలకు పనికొస్తాయని చెబుతున్నాం.

చివరగా రెండు విన్నపాలు. తమ్ముళ్లారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వారం రోజులు పొద్దున్నే మీటరు చూసి అంకె ఒక కాగితం మీద రాయండి. ఏ రోజు ఎందుకు పెరిగిందో అమ్మకు చెప్పండి. లెక్కల పుస్తకంలో నేర్చుకున్నది ఇంటికి పనికొచ్చేది అక్కడే. ఇక పూర్వ విద్యార్థి మిత్రులారా, వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు మానేద్దాం. ఆ డబ్బుతో తలా ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్ తెచ్చి, వార్డెన్ గారి అనుమతితో మనం పడుకున్న గదుల్లోనే బిగిద్దాం. మనం ఒకప్పుడు విసనకర్రగా అట్టముక్క ఊపుకుంటూ చదివిన చోట మన తమ్ముళ్లు చల్లగా చదువుకోవడం కంటే మనకు పెద్ద సన్మానం ఏముంటుంది?