ఆదివారం గారెలు మానక్కర్లేదు!

బరువు తగ్గాలని నోరు కట్టేసుకున్నారా? నేనూ అంతేనండీ. మోకాళ్ళ నొప్పులకి బరువు తగ్గమన్నారు డాక్టరుగారు. ఆదివారం గారెల కోసం శనివారం పస్తుండేదాన్ని. తీరా ఆ ఆకలి మీద ఆరేడు లాగించేసి, రాత్రంతా బాధపడేదాన్ని.

ఇప్పుడు పస్తులు మానేశాను. గ్రాము నూనెకి 9 కేలరీలు. చిన్న చెంచాడు నూనెంటే సుమారు 40. కూరల్లో నా వంతు నూనె రోజుకి రెండు చెంచాలు తగ్గించాను. ఆరు రోజులకి 480 మిగులు! ఆదివారం పొద్దున్న ఇడ్లీ తినేసి, మధ్యాహ్నం పిల్లలతోపాటు కూర్చుని అల్లం పచ్చడితో రెండే గారెలు తింటాను. రాత్రికి మజ్జిగన్నం.

ఇంటి పద్దులాగే ఇదీనూ. పండగ ఖర్చు ముందే తీసిపెట్టుకుంటే అప్పు పడం కదా! చీర కుచ్చెళ్ళు కాస్త ఎక్కువొస్తున్నాయండోయ్!