ఎర్రనీళ్ళు ఎక్కడివి?

పిల్లలూ,

తొలకరి వాన కురిసిన రోజున సికిందరాబాదు వీధుల్లో కాగితపు పడవలు వదలని పిల్లలుండరు. మీరూ వదిలే ఉంటారు. ఈసారి పడవను కాక, దాని కింద పారే నీళ్ళను చూడండి. ఆకాశం నుంచి పడేటప్పుడు ఆ నీటికి రంగు లేదు. గుట్టల మీదుగా, ఖాళీ స్థలాల మీదుగా మీ వీధికి వచ్చేసరికి ఎర్రబడింది. ఆ ఎరుపు ఎక్కడిది?

అది మన నేల రంగు. జంటనగరాల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాయి. అది ఎండకు పగిలి, వానకు నాని, మొరం అవుతుంది. మొరం మరింత చితికి, ఆకులూ వేళ్ళూ కుళ్ళి కలిసి, మట్టి అవుతుంది. రాతిలో ఉన్న ఇనుము తుప్పు పట్టటం వల్ల ఆ మట్టికి ఎరుపు వచ్చింది. ఒక్క అంగుళం మందాన మట్టి ఏర్పడటానికి వందల ఏళ్ళు పడుతుంది. అది కొట్టుకుపోవటానికి నాలుగు పెద్ద వానలు చాలు!

ఆ మట్టి పోతే ఎవరికి నష్టం? రైతుకు నష్టమని మీకు తెలుసు. అడవిలో దాన్ని నమ్ముకున్న వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను చూడాలంటే విజయవాడ పోయే రోడ్డు పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలికి పోవాలి. ఇది పూర్వం నిజాం ప్రభువుల వేటస్థలం. 1975లో దీన్ని జింకలకు రక్షణస్థలంగా చేశారు. 1994లో ఇది జాతీయ ఉద్యానవనమైంది. ఇక్కడ 3,600 ఎకరాల గడ్డినేలలో, పొదల్లో కృష్ణజింకలు తిరుగుతవి.

ఇటువంటి నేలలో పల్లం ఉన్నచోట వానాకాలంలో కుంటలు నిండుతవి. మృగశిర కార్తె తరువాత నిండటం మొదలుపెట్టి, సంక్రాంతి నాటికి చాలా కుంటలు ఎండిపోతవి. ఎండిన కుంటను చూసి, అందులో ఏమీ లేదని అనుకోకండి. మట్టి లోపల కప్పలు దాగి ఉంటవి. ఆవగింజ కన్నా చిన్నవైన రొయ్యజాతి జీవుల గుడ్లు దుమ్ములో ఏళ్ళ తరబడి ఎండి కూడా చావవు. నీళ్ళు నిండగానే పిల్లలు బయటికి వస్తవి. మగ గోదురుకప్పలు పసుపురంగుకు మారి రాత్రంతా బెకబెకమంటవి. తూనీగలు నీళ్ళలో గుడ్లు పెడతవి. ఆ గుడ్లలో నుంచి వచ్చిన పిల్లలు దోమపిల్లలను తిని పెరుగుతవి. వాటిలో ఒక జాతి తూనీగ, పెద్దదయ్యాక మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు!

అయితే వీటన్నిటికీ ఒక గడువున్నది. కప్పపిల్లకు తోక పోయి కాళ్ళు రావటానికి నెలా నెలన్నర పడుతుంది. తూనీగపిల్లకు రెక్కలు రావటానికీ సుమారుగా అంతే. అంతవరకూ కుంటలో నీళ్ళుండాలి.

ఇప్పుడు మన ఎర్రనీళ్ళ దగ్గరకు వద్దాం. పెద్ద వానచినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. గడ్డి ఉంటే ఆ దెబ్బను గడ్డి కాచుకుంటుంది. నీళ్ళు వేళ్ళ వెంట మెల్లగా దిగుతవి. గడ్డి లేకపోతే మట్టి రేగి నీళ్ళతో కలిసి పారుతుంది. మనుషులు నడిచి నడిచి పడ్డ దారి కూడా చిన్న కాలువ అవుతుంది. ఏడాది తిరిగేసరికి అదే వాగులా కోసుకుపోతుంది. ఆ మట్టి ఎక్కడికి పోతుంది? పల్లంలో ఉన్న కుంటలోకి! ఏటేటా కుంట పూడి, లోతు తగ్గుతుంది. లోతు తగ్గిన కుంట తొందరగా ఎండుతుంది. తోక పోకముందే, రెక్కలు రాకముందే నీళ్ళయిపోతే ఆ పిల్లల గతి ఏమిటి? జింకలకు తాగే నీళ్ళూ పోయినట్లే.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. రెండు పాత రేకు పళ్ళేలలో ఒకే రకం మట్టి నింపండి. ఒకదానిలో రాగులు దట్టంగా చల్లండి. రెండింటినీ రోజూ తడుపుతూ ఉండండి. మూడు వారాలకు రాగిమొలకలు గడ్డిలా లేస్తవి. అప్పుడు రెండు పళ్ళేలనూ ఇటుకల మీద ఒకేలా వాలుగా పెట్టి, దిగువ అంచు కింద గాజు గిన్నెలు ఉంచండి. చిల్లుల డబ్బాతో రెండింటి మీదా చెరొక చెంబు నీళ్ళు జల్లండి. గంటసేపు కదపకుండా ఉంచి, గిన్నెల అడుగున దిగిన మట్టిని స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. ఆ గిన్నెలే కుంటలనుకోండి. ఏ కుంట ముందు పూడుతుందో మీకే తెలుస్తుంది.

వనస్థలికి పోయినప్పుడు దారి విడిచి గడ్డిలో నడవకండి. కుంటల్లో చెత్తా రాళ్ళూ వేయకండి. పెద్దలకు కూడా ఒక మాట: మీ పేటలో వేసవిలో ఎండి కనిపించే పల్లాన్ని పనికిరాని చోటనుకుని చెత్తతో పూడ్చబోతే, కాస్త ఆగండి. వాన వచ్చాక ఒక రాత్రి అక్కడికి మీ పిల్లలను తీసుకుపోయి, కప్పల అరుపు విన్న తరువాత ఆలోచించండి.