పడుకునే పరుగు

గుండె జబ్బు తరచూ శ్రమలోనే బయటపడుతుంది. కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీ నిక్షేపంగా ఉన్న మనిషికే మెట్లెక్కేసరికి ఛాతీ పట్టేయవచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్ష అందుకే. మరి మోకాళ్లు అరిగినవారు, పక్షవాతం వచ్చినవారు, మధుమేహంతో కాలు పోగొట్టుకున్నవారు పరిగెత్తేదెలా? వారికోసం వైద్యులు పరుగును మందులో పెట్టారు.

డోబుటమిన్‌ను మోతాదు పెంచుతూ నరంలోకి ఎక్కిస్తే, రోగి మంచం మీద ఉండగానే గుండె వేగం పుంజుకుంటుంది. 220 లోంచి వయసు తీసేయగా మిగిలినదానిలో 85 శాతం లక్ష్యం. అరవై ఏళ్ల వ్యక్తికైతే నిమిషానికి 136. రక్తం చాలని కండరం సరిగా ముడుచుకోదు. ఎకోలో అది కనిపిస్తుంది. అడినోసిన్‌ది మరో దారి. అది ధమనులను విప్పారుస్తుంది. పూడుకున్న ధమని మాత్రం అంతగా విప్పారలేదు. ఐసోటోపు స్కాన్ ఆ తేడా పట్టిస్తుంది. ముందురోజు నుంచే కాఫీ, టీ మానాలి. కెఫీన్ ఆ మందుకు అడ్డు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. ఈ పరీక్షలు పూర్తిగా నిరపాయం కావు. అడినోసిన్, రెగాడినోసన్‌లతో అరుదుగా గుండెపోటు, మరణం సంభవించవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2013లో హెచ్చరించింది. అందుకే పక్కన వైద్యుడు, అత్యవసర పరికరాలు తప్పనిసరి.

ఇంతకీ ఈ తంటా ఎందుకు, నేరుగా యాంజియోగ్రామ్ తీస్తే పోదా? యాంజియోగ్రామ్ అడ్డంకిని చూపుతుంది. దానివల్ల కండరానికి రక్తం తగ్గుతోందా అన్నది స్ట్రెస్ పరీక్ష చెబుతుంది. మన దేశంలో 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందుపూత స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి విధించింది. మంచిదే. కానీ స్టెంట్ అవసరమా అన్న ప్రశ్నకు ధరల పట్టికలో జవాబుండదు.

ఆ ప్రశ్నను 37 దేశాల్లో 5,179 మందితో జరిగిన ఇస్కీమియా అధ్యయనం వేసింది. జబ్బు నిలకడగా ఉన్నవారిలో మందులకు తోడు ముందే స్టెంట్ లేదా బైపాస్ చేసినా, మందులతోనే మొదలుపెట్టినా, గుండెపోటు, మరణాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2020లో తేల్చింది. ఛాతీనొప్పి ఉన్నవారికి మాత్రం స్టెంట్, బైపాస్‌లతో ఉపశమనం ఎక్కువ. అప్పుడే గుండెపోటు వచ్చినవారికి, ఎడమవైపు ప్రధాన ధమని పూడినవారికి ఈ లెక్క వర్తించదు.

అంటే స్ట్రెస్ పరీక్షలో తేడా కనిపించినంత మాత్రాన ఆపరేషన్‌కు పరుగు తీయనక్కర్లేదు. నడవలేని రోగికీ నింపాదిగా అడిగే హక్కుంది: ఈ స్టెంట్ నా ఆయుష్షు కోసమా, నొప్పి తగ్గడం కోసమా?