మాత్రలో మందు ఎంతో రాస్తున్నారు, పిండి దేనిదో కూడా రాయాలి



మన గ్రూపులో స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సీట్లు, నోటిఫికేషన్ల గురించే ఎక్కువ రాసుకుంటాం. ఈసారి ఒక జబ్బు గురించి, ఆ జబ్బున్నవాళ్ళు మింగే మాత్రల గురించి రాస్తున్నాం. కొంచెం పొడవుంటుంది, ఓపిగ్గా చదవండి.

జబ్బు పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. సీలియాక్ ఉన్నవాళ్ళ కడుపులో అది పడితే, వాళ్ళ ఒంట్లోని రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది వంటబట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకున్నా తగ్గని రక్తహీనత, ఇవన్నీ దాని గుర్తులు కావచ్చు. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం.

మన వైపు ఇది తక్కువే. 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని మూడు ప్రాంతాల పెద్దవాళ్ళకు రక్తపరీక్షలు చేశారు. సీలియాక్‌ను సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. గోధుమ తినడం కూడా అట్లాగే ఉంది. ఉత్తరాదిలో మనిషికి రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం తిని బతికిన మన అవ్వతాతలకు ఈ జబ్బు పేరు తెలీకపోవడంలో వింతేమీ లేదు. ఇప్పుడు మన తిండి మారింది. హాస్టల్లో చపాతీ, పూరీ, ఉప్మా. బస్టాండులో పరోటా, బన్ను, బిస్కెట్టు. జబ్బు తక్కువ కాబట్టి డాక్టరుకైనా, మందులంగడి వాళ్ళకైనా చప్పున గుర్తుకు రాదు. వెయ్యిమందిలో ఒక్కరికే ఉన్నా, ఆ ఒక్కరు మన తండా పిల్లో, ఎరుకల కాలనీ పిల్లోడో అయితే వాళ్ళ తరఫున అడిగేదెవరు?

ఇక అసలు విషయానికి వద్దాం. తిండి ప్యాకెట్ మీద గ్లూటెన్ ఉన్న ధాన్యం ఉంటే ఆ మాట రాయాలని 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. 'గ్లూటెన్ ఫ్రీ' అని వేసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కూడా గోధుమ ఉందని చెబుతుంది. మాత్రల షీటు చెప్పదు.

మాత్రలో అసలు మందు ఒక్కోసారి ఐదు మిల్లీగ్రాములే ఉంటుంది. అంత చిన్నదాన్ని చేత్తో పట్టుకోలేం కాబట్టి పిండి, జిగురు, పైపూత కలిపి మాత్ర చేస్తారు. ఆ పిండి ఎక్కువగా మొక్కజొన్నది. బంగాళదుంపది, కర్రపెండలానిది కూడా వాడతారు. అరుదుగా గోధుమది కావచ్చు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం షీటు మీద మందు పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారుచేసినవారి చిరునామా ఉంటాయి. మిగతాదంతా చాలాసార్లు 'ఎక్సిపియెంట్స్' అనే ఒక్క మాటలో దాక్కుంటుంది. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ అప్పుడు తప్పనిసరి చేసిన వివరాల్లో ఈ పిండి సంగతి లేదు.

భయపెట్టడానికి ఇది రాయడం లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో ఇచ్చిన ముసాయిదా మార్గదర్శకం ప్రకారం, నోటితో మింగే మందుల్లో చాలావాటిలో గ్లూటెన్ ఉండదు. గోధుమ స్టార్చ్ వాడినా ఒక మోతాదులో అర మిల్లీగ్రాము లోపే ఉంటుందని వాళ్ళ అంచనా. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు చాలామంది సీలియాక్ రోగులు తట్టుకుంటారని వైద్యులు చెబుతారు. ఒక్క బ్రెడ్ ముక్కలో దాదాపు రెండు గ్రాములుంటుంది. లెక్క మీరే వేసుకోండి.

"అంత తక్కువైతే ఇంక గొడవేంది?" అని అడగొచ్చు. అంత తక్కువైతే రాయడానికి అడ్డమేంది? అని మేమడుగుతున్నాం. పైన చెప్పింది అమెరికా మందుల సంగతి. మన చేతిలో ఉన్న షీటు సంగతి మనకు తెలియాలి. ఏళ్ళ తరబడి రోజుకు ఏడెనిమిది మాత్రలు మింగే మనిషికి, తిండి ఎంత జాగ్రత్తగా తిన్నా పేగు మానకపోతే, అనుమానం మాత్రల మీదికే పోతుంది. ఏమీ తెలియనప్పుడు ఏం చేస్తారు? మాత్ర మానేస్తారు. ఫిట్స్ మందు, టీబీ మందు, థైరాయిడ్ మందు మధ్యలో ఆపేస్తే వచ్చే కష్టం ఆ పిండితో వచ్చేదానికంటే చాలా పెద్దది. లేబుల్ మీద ఒక్క లైను ఉంటే ఆ భయమూ ఉండదు, ఆ పొరపాటూ జరగదు.

ఈ భారం అందరి మీదా ఒకేలా పడదు. డబ్బున్నవాళ్ళు హిందూపురంలో రైలెక్కి బెంగళూరులో పెద్ద డాక్టరును అడిగి వస్తారు. మనవాళ్ళు ఆర్‌ఎంపీ దగ్గర కాగితంలో చుట్టిచ్చిన నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. పెనుకొండలోనైనా ధర్మవరంలోనైనా డబ్బులు చాలక అంగట్లో షీటు కత్తిరించి తీసుకుంటారు. కత్తిరించిన ముక్కలో కంపెనీ పేరూ ఉండదు, బ్యాచ్ నంబరూ ఉండదు. ప్రభుత్వాసుపత్రిలో అదే మందు ఈ నెల ఒక కంపెనీది, వచ్చే నెల ఇంకో కంపెనీది వస్తుంది. మందు అదే అయినా పిండి మారొచ్చు.

అందుకే లేబుల్ మారేదాకా మనం చేయగలిగినవి ఇవి:

1. సీలియాక్ ఉన్న మనిషికి కత్తిరించిన ముక్క, విడి మాత్రలు వద్దు. పూర్తి షీటు తీసుకోండి, లేదంటే షీటు రెండువైపులా ఫొటో తీసుకోండి.

2. "ఇందులో స్టార్చ్ దేనిది? గోధుమ, బార్లీ, రై నుంచి తీసినది ఏమైనా ఉందా?" అని అడగండి. మందు గురించి రోగికి వివరించడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు బాధ్యత అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. ఆయనకూ తెలియకపోతే, షీటు మీది చిరునామా చూసి బ్యాచ్ నంబరుతో సహా కంపెనీకి రాయండి. కంపెనీ మారినప్పుడల్లా మళ్ళీ అడగండి.

3. జవాబు వచ్చేదాకా మాత్ర సొంతంగా మానొద్దు. డాక్టరుకు చెప్పండి, అవసరమైతే ఆయనే వేరేది రాస్తారు.

4. ఇంటి వైద్యం కూడా చూసుకోండి. కడుపునొప్పికి మజ్జిగలో కలిపే ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి ఉంటుంది. నీరసానికి కొనిచ్చే మాల్ట్ పొడుల్లో మాల్ట్ అంటే సాధారణంగా మొలకెత్తించిన బార్లీ. మన రాగిజావ వేరు.

5. జబ్బుందేమోనని అనుమానమొస్తే ముందే గోధుమ మానేయొద్దు. టీటీజీ రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యాకే మానాలి. ముందే మానేస్తే జబ్బున్నా పరీక్షలో కనపడకపోవచ్చు.

మనలో బీఫార్మసీ, డీఫార్మసీ, నర్సింగ్ చదివే అన్నలు, అక్కలు, చెల్లెళ్ళు ఉన్నారు. తండాల్లో పనిచేసే ఆశా అక్కలున్నారు. ఇంగ్లిష్‌లో కంపెనీకి ఉత్తరం రాయడం ఓ అమ్మకు కష్టం, మీకు పది నిమిషాల పని. ఎవరికి అవసరమైనా గ్రూపులో షీటు ఫొటో పెట్టమనండి, రోగి పేరు మాత్రం పెట్టొద్దు. కంపెనీ ఇచ్చిన జవాబు కూడా ఇక్కడే పెట్టండి, ఇంకొకరికి పనికొస్తుంది.

మనం అడగాల్సింది కూడా ఒకటుంది. మాత్రలో కలిపిన ప్రతి పదార్థం పేరు, స్టార్చ్ అయితే ఏ గింజది, ఏ దుంపది అనే మాట షీటు మీద ఉండాలి, చోటు చాలకపోతే క్యూఆర్ కోడ్‌లోనైనా ఉండాలి. లేబుల్ నిబంధనలు ఢిల్లీలో తయారవుతాయి. కాబట్టి కేంద్ర ఆరోగ్య శాఖకు, మన ఎంపీకి వినతిపత్రం రాద్దాం. ముసాయిదా వారంలోగా గ్రూపులో పెడతాం. తప్పులుంటే దిద్దండి, బాగుంటే సంతకం పెట్టండి.