అక్షరమా, ఆకారమా?

తాటాకుపై ఘంటముతో వ్రాసిన గ్రంథమును తెలుగు తెలిసినవాడు కొంత శ్రమపడియైనను నేటికిని చదువగలడు. ఇరువదియేండ్ల క్రిందట కంప్యూటరులో దాచిన తెలుగు పాఠము మాత్రము తరచుగా అర్థము లేని గుర్తులై తెరపై కనబడుచున్నది. దానిని చెద తినలేదు. దాచిన పద్ధతియే చెడ్డది.

కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తో ముందుగా ఒక ఒప్పందము ఉండవలెను. 1963లో అమెరికాలో వెలసిన ఆస్కీ ఒప్పందములో ఉన్నవి 128 స్థానములే. అందు తెలుగునకు చోటు లేదు. కనుక అచ్చుపనివారు చాలకాలము ఒక ఉపాయముతో నెట్టుకొని వచ్చిరి. ఇంగ్లీషు అక్షరముల అంకెలకే తెలుగు ఆకారములను తొడిగిరి. తెరపై తెలుగు, ఫైలులో ఇంగ్లీషు గుర్తులు! పైగా ఒక్కొక్క ఫాంటుది ఒక్కొక్క లెక్క. ఆ ఫాంటు గాని, దాని లెక్క ఎరిగిన మార్పిడి సాధనము గాని లేనినాడు పాఠము పోయినట్లే. అట్టి ఫైలులో పదములను అకారాదిగా కూర్చుటకైనను వీలులేదు.

ఇస్కీ అను భారతీయ ప్రమాణపు వరుసను అనుసరించి, 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకింపబడినవి. ఇందులో ‘క్ష’ ఒక బొమ్మ కాదు. క, పొల్లు, ష అను మూడింటి వరుస. తరగతిలో చెప్పు సంయుక్తాక్షర లక్షణమే ఇక్కడను చెల్లుచున్నది.

యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును, యూటీఎఫ్-16లో రెండే చాలును గదా అని కొందరి ఆక్షేపణ. నిజమే. కాని పట్టికలలో అంకెలు, ఖాళీలు, ప్రోగ్రాము వాడు ఇంగ్లీషు పేర్లు కూడ ఉండును. వానికి మొదటి పద్ధతిలో ఒక్క బైటు చాలును, రెండవదానిలో రెండేసి కావలెను. రెండు బైట్లలో ఏది ముందను చిక్కు రెండవదానికే గాని మొదటిదానికి లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఈ యూటీఎఫ్-8లో పాత ఆస్కీ ఫైలు మార్పు లేకయే చెల్లును. చోటు సంగతి అందురా, నూరు పుటల తెలుగు పుస్తకము చేతిఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రముకంటె సామాన్యముగా చిన్నదే.

ఫైలు రూపమును గూర్చియు ఇంతే జాగ్రత్త అవసరము. పదముల పట్టికను గాని, విద్యార్థుల మార్కులను గాని ఒక్క సంస్థ ప్రోగ్రాము మాత్రమే తెరువగల ఫైలులో బంధించుట తగదు. పంక్తికి ఒక విద్యార్థి, గడికి గడికి నడుమ ఒక ట్యాబు ఉన్న సాదా ఫైలు చాలును. కామాతో విడదీసినచో చిరునామాలోని కామా గడిని చీల్చుననెడి భయమున్నది. భద్రపరచునపుడు తెలుగు లేని పాత సంకేతపద్ధతిని ఎన్నుకొన్నచో అక్షరములన్నియు ప్రశ్నార్థకములై పోవును. ఆ ఫైలునుండి వానిని తిరిగి రాబట్టు ఉపాయము లేదు.

పాఠశాలలలో ఏండ్ల తరబడి ఉపాధ్యాయులు కూర్చిన ప్రశ్నపత్రములు, పదపట్టికలు పాత ఫాంట్లలో ఎన్నియో ఉన్నవి. ఆ ఫాంట్లు ఇంకను చేతనున్నప్పుడే వానిని యూనికోడులోనికి మార్చి, యూటీఎఫ్-8లో భద్రపరచవలెను. ఈ పని విద్యార్థులచేత చేయించినచో తెలుగు పాఠమును, కంప్యూటరు పాఠమును ఒక్కసారే సాగును.