తెరిచినవాడే మూయాలి

ఏటేటా ఈ సంచికలో ఎవరో ఒకరు విద్యార్థి లోకానికి హితబోధ చేస్తూనే ఉంటారు. నేను బోధ చెయ్యబోవడం లేదు. ఒక పొరపాటు సంగతి చెప్పి, దాని మీద నా అభిప్రాయం నాలుగు మాటల్లో మనవి చేస్తాను. పొరపాటు మాదే.

చివరి సంవత్సరంలో మేం నలుగురం వనస్థలిపురంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రాము మా ప్రాజెక్టు. జావాలో రాశాం. డేటాబేసు మైఎస్‌క్యూఎల్. పొద్దున ప్రోగ్రాము గుర్రంలా పరుగెత్తేది. రాత్రి పది అయ్యేసరికి చతికిలబడేది. విసుగెత్తి, కంప్యూటరు కట్టెయ్యకుండానే పడుకుంటే, తెల్లారి మళ్ళీ శుభ్రంగా నడిచేది. "వేడెక్కుతోందిరా" అన్నాడొకడు. "మెమొరీ చాలట్లేదు" అన్నాడు మరొకడు. "ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యండి, అదే పోతుంది" అని ఒక సీనియరు సలహా పారేశాడు. అలాగే చేస్తూ పోయాం.

ఎగ్జామినరుగారి ముందు కూర్చున్న రోజున, అప్పటికే పొద్దుట్నుంచీ రిహార్సల్సు వేసి ఉన్నాం. మూడో మీట నొక్కగానే ‘టూ మెనీ కనెక్షన్స్’ అని తెర మీద పడింది. "ఇది మీరే రాశారా?" అని అడిగారాయన. మేమే రాశాం. అదే కదా బాధ! మార్కులు పోయాయి.

ఆ రాత్రి మొదటిసారిగా మళ్ళీ స్టార్ట్ చెయ్యకుండా, లోపలేముందో తొంగి చూశాం. మనం మార్చకపోతే మైఎస్‌క్యూఎల్ ఒకేసారి 151 కనెక్షన్లకు చోటిస్తుంది. అవి నిండిపోయినా, అజమాయిషీ చేసేవాడు లోపలికొచ్చి చూసుకోవడానికి మరొక్కటి అట్టే పెడుతుంది. ఆ దారిన వెళ్ళి ‘షో ప్రాసెస్‌లిస్ట్’ అని అడిగాం. జాబితా బారెడు వచ్చింది. దాదాపు ప్రతి వరుస పక్కనా ‘స్లీప్’ అనే ఉంది. పని చేస్తున్నవాళ్ళు లేరు, నిద్రపోతున్నవాళ్ళే అంతా!

పెళ్ళి భోజనాల్లో బంతి చూశారు కదా. నూట యాభై విస్తళ్ళు వేశారనుకుందాం. తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కోకుండా అక్కడే కునుకు తీస్తే, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళ గతేమిటి? వంటవాడిది తప్పా? హాలు చిన్నదా? మా ప్రోగ్రాములో జరిగింది సరిగ్గా ఇదే. పుస్తకం దొరికితే పని ముగించుకుని కనెక్షను మూసేది. నెంబరు తప్పయితే ఎర్రరు విసిరి బయటికి దూకేది. ‘క్లోజ్’ అన్న వాక్యం కింద వరుసలో ఉండిపోయేది. అంటే తప్పు నెంబర్లు కొట్టి ఎంత నిజాయితీగా పరీక్షిస్తే, అంత త్వరగా చచ్చేదన్నమాట.

మరి తెల్లారేసరికి ఎలా బాగయ్యేది? ఉలుకూ పలుకూ లేని కనెక్షనును మైఎస్‌క్యూఎల్ 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు ఓపిక పట్టి, తర్వాత తనే తెంపేస్తుంది. మేం నిద్రపోయినంతసేపూ ఆ యంత్రం మా ఎంగిలి విస్తళ్ళు ఎత్తింది. మేమేమో జబ్బు దానంతటదే తగ్గిందనుకుని సంతోషించాం!

"ఆ హద్దు పెంచితే సరిపోదా?" అని మిత్రులు అడుగుతారు. ఇంటర్ ఫలితాలనాడు విరగబడే జనానికి చోటు పెంచడం వేరు. మేం నలుగురమే కదా, మాకు నూట యాభై ఎందుకు? కారే కుండకు పెద్ద కుండ మందు కాదు. పైగా చోటు ఊరికే రాదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షనుకూ ఒక్కో ప్రాసెసు పుడుతుంది, మెమొరీ తింటుంది. అక్కడ మామూలు హద్దు 100 మాత్రమే.

రోగ నిర్ణయానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. మీట ఒకసారి నొక్కి కనెక్షన్లు లెక్కపెట్టండి. పని అయ్యాక మళ్ళీ లెక్కపెట్టండి. తర్వాత కావాలనే తప్పు చేసి, మరోసారి లెక్కపెట్టండి. పెరిగిన అంకె దిగకపోతే, కారేచోటు దొరికినట్టే. మందు కూడా కొత్తది కాదు. 2011లో వచ్చిన జావా 7 నుంచి, ‘ట్రై’ పక్క కుండలీకరణాల్లో తెరిచిన కనెక్షను, ఎర్రరు వచ్చినా రాకపోయినా తనే మూసుకుంటుంది. రద్దీ ఎక్కువైతే పూల్ పెట్టుకోవచ్చు. హికారీ అనే పూల్ మనం చెప్పకపోతే పది కనెక్షన్లతోనే సంసారం నెట్టుకొస్తుంది. అందులో ‘క్లోజ్’ అంటే తెంపడం కాదు, తిరిగి అప్పజెప్పడం. అప్పజెప్పకపోతే ఆ పదీ అయిపోతాయి. మీట నొక్కినప్పుడల్లా కొత్త పూల్ కట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకో దణ్ణం!

ఇక నా అభిప్రాయం. మన ల్యాబుల్లో కనెక్షను తెరవడం నేర్పుతారు, మూయడం నేర్పరు. ఒక్కసారి నడిచి ఔట్‌పుట్ వస్తే చాలు, రికార్డు మీద సంతకం పడుతుంది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో బోర్డులు చూసి కోర్సుల్లో చేరే మనవాళ్ళు అడిగేదీ "ఎన్నాళ్ళలో వస్తుంది?" అనే. ఎలా చెడుతుందో అడిగేవాడు లేడు. రేపు ఇదే చేత్తో ఆసుపత్రికీ, బ్యాంకుకీ ప్రోగ్రాములు రాయబోతున్నాం. అక్కడ గుమ్మం దగ్గర ఆగిపోయేది మార్కులు కావు, మనుషులు.

లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ప్రోగ్రామును ఒకసారి కాదు, తప్పు నెంబర్లతో రెండువందల సార్లు నడిపించండి. అప్పటికీ నిలబడితేనే సంతకం పెట్టండి. మాకు ఆ రోజుల్లో కోపమొచ్చి ఉండేదేమో గానీ, ఎగ్జామినరుగారి ముందు తలవంచుకునే అవస్థ తప్పేది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు మాత్రం మళ్ళీ స్టార్ట్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగి, లోపల ఎవరు నిద్రపోతున్నారో చూడండి.