కాన్సర్ట్‌లో ఫోన్‌తో స్టేజీని కాదు, పక్కనున్నవాళ్లను తీయండి

ఈమధ్య ఏ ఫ్లాగ్‌షిప్ ఫోన్ లాంచ్ చూసినా ఒక స్లైడ్ గ్యారంటీ. చీకట్లో స్టేజీ, ఎక్కడో దూరంగా సింగర్, తర్వాత 10ఎక్స్ జూమ్‌లో అతని ముఖం మీద చెమట చుక్క కూడా క్లియర్‌గా. వెంటనే హాల్లో చప్పట్లు. గేమింగ్ ఫోన్, సెల్ఫీ ఫోన్ అయిపోయాయి, ఇప్పుడు "కాన్సర్ట్ ఫోన్" సీజన్ నడుస్తోంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. కాన్సర్ట్ కోసం జూమ్ చూసి ఫోన్ కొనకండి. ఆ రాత్రి మీకు ఎక్కువ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. వాటి గురించి స్పెక్ షీట్‌లో పెద్దగా కనపడదు.

ఇది గాల్లో చెప్తున్న మాట కాదు. 2025 జనవరి 25న అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే షోకి నేనూ మా చెల్లీ వెళ్లాం. సికింద్రాబాద్ నుంచి ట్రైన్, అక్కడ మెట్రోలో మోటేరా. లోపల లక్ష మందికి పైగా జనం. మా సీట్లు పై స్టాండ్‌లో. అక్కడి నుంచి క్రిస్ మార్టిన్ అంటే కదిలే అగ్గిపుల్ల అన్నమాట.

జూమ్ సంగతి ముందు చూద్దాం

నా ఫోన్‌లో 3ఎక్స్ టెలిఫోటో ఉంది. అంతవరకు ఫర్వాలేదు. ఆ తర్వాత జరిగేది ఎక్కువగా క్రాపింగే. టెలిఫోటో సెన్సర్ మెయిన్ కెమెరా కంటే సాధారణంగా చిన్నది, లోపలికి వచ్చే వెలుతురూ తక్కువ. ఎగిరి గంతులేస్తున్న మనుషుల మధ్య చేయి నిలవదు. వెనకాల ఎల్‌ఈడీ స్క్రీన్ వెలుగుకి ఎక్స్‌పోజర్ పడిపోతుంది, లేదంటే వీడియోలో అడ్డంగా చారలు పాకుతాయి. లేజర్ లైట్ నేరుగా లెన్స్‌లోకి పడితే సెన్సర్ శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది.

పోనీ, ఖరీదైన ఫోన్‌తో బాగా వచ్చిందే అనుకుందాం. ఏం వచ్చింది? పక్కనే ఉన్న పెద్ద స్క్రీన్ మీద అంతకన్నా బాగా కనిపిస్తున్న బొమ్మే కదా! మరుసటి రోజు, అంటే 26న జరిగిన షోని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో లైవ్ ఇచ్చారు. ప్రొఫెషనల్ కెమెరాలు, మిక్స్ చేసిన సౌండ్. దాంతో పై స్టాండ్‌లోని నా ఫోన్ పోటీపడాలా?

అసలు దెబ్బ తినేది సౌండ్

కాన్సర్ట్ వీడియోలో బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా చూస్తాం. సౌండ్ పగిలిపోతే మాత్రం పది సెకన్లు కూడా వినలేం. ఫోన్ మైక్‌కి ఒక పరిమితి ఉంటుంది, ఆ మోత దాటితే శబ్దం చితికిపోతుంది. దాన్ని తట్టుకునే మైకులు ఉన్నాయి, కానీ మీ ఫోన్‌లో ఏది పెట్టారో ఏ బాక్స్ మీదా రాయరు. పైగా ఆటోమేటిక్ గెయిన్ వల్ల డ్రమ్స్ మొదలవగానే పాట వెనక్కిపోతుంది. స్టోరేజ్ కూడా చూసుకోవాలి. ఐఫోన్‌లో 4కె, సెకనుకు 60 ఫ్రేములు పెడితే నిమిషానికి సుమారు 400 ఎంబీ. రెండు గంటల షో మొత్తం తీస్తే 48 జీబీ! ఇంటికొచ్చాక దాన్నంతా కూర్చుని ఎవరు చూస్తారు, మీరే చెప్పండి.

ఇంకో విషయం, మైక్ పాడైతే ఫోన్ మార్చుకోవచ్చు, చెవులు పాడైతే మార్చలేం. ఇలాంటి వేదికల్లో శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం చెప్తోంది. ఆ 100 దగ్గర కూడా రోజుకి 15 నిమిషాలకే సేఫ్ లిమిట్ అయిపోతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. మనం నిలబడేది రెండు గంటలు. మ్యూజిక్ కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, పాట స్పష్టంగానే వినిపిస్తుంది. చెల్లికి, నాకు చెరో జత పట్టుకెళ్లా. నేను కొన్న కాన్సర్ట్ యాక్సెసరీల్లో ఇదే బెస్ట్.

నెట్‌వర్క్, బ్యాటరీ

షో మొదలయ్యే సరికి నా ఫోన్‌లో 5జీ గుర్తు నిండుగా ఉంది, వాట్సాప్‌లో ఒక్క ఫొటో కూడా కదల్లేదు. సిగ్నల్ గీతలు టవర్ వినిపిస్తోందని మాత్రమే చెప్తాయి, టవర్ ఖాళీగా ఉందని కాదు. మన 5జీలో టైమ్ స్లాట్లు ఎక్కువగా డౌన్‌లోడ్‌కే కేటాయిస్తారు. స్టేడియంలో మాత్రం అందరూ ఒకేసారి అప్‌లోడ్ చేస్తారు. సో, ఇరుక్కుంటుంది. ఫోన్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ బ్యాటరీ తినేస్తుంది. టికెట్, యూపీఐ, తిరుగు ప్రయాణం అన్నీ అందులోనే ఉన్నప్పుడు 15 శాతంతో బయటికి రావడం ఎంత టెన్షనో ఊహించుకోండి. అందుకే టికెట్ స్క్రీన్‌షాట్, కొంచెం క్యాష్, విడిపోతే ఎక్కడ కలవాలో ముందే ఒక గేట్ నంబర్. ఈ మూడూ ఉంటే చాలు.

ఆ రాత్రి బెస్ట్ గాడ్జెట్

ఎంట్రీలో ఇచ్చిన ఎల్‌ఈడీ రిస్ట్‌బ్యాండ్. స్క్రీన్ లేదు, యాప్ లేదు, పెయిరింగ్ లేదు. కంట్రోల్ మొత్తం షో వాళ్ల చేతిలో. లైట్లు ఆర్పగానే లక్ష చేతులు ఒకేసారి పసుపు రంగులోకి మారాయి. వెళ్లేటప్పుడు తిరిగి ఇచ్చేయాలి, మళ్లీ వాడతారు. ఫోన్ ఎత్తినప్పుడు మనం ఆ దృశ్యాన్ని బయటి నుంచి చూస్తాం. బ్యాండ్ కట్టుకుంటే మనమే అందులో ఒక చుక్క.

'ఎ స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్' పాటని మధ్యలో ఆపి, ఫోన్లు పక్కన పెట్టమని అడగడం ఈ టూర్‌లో క్రిస్ మార్టిన్‌కి అలవాటే. పాట మళ్లీ మొదలైనప్పుడు మా స్టాండ్‌లో స్క్రీన్లు చాలావరకు ఆరిపోయాయి, మొదటిసారి నాకు ఎదుటి స్టాండ్ మొత్తం కనిపించింది.

అలాగని ఫోన్లు బ్యాన్ చేయాలని నేను అనను. జాక్ వైట్ 2018లోనే ఫోన్లను పౌచ్‌లో పెట్టి లాక్ చేయించాడు, ఘోస్ట్ బ్యాండ్ 2025 టూర్‌లో అదే చేసింది. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ ఇంటి నుంచి ఇంత దూరం వచ్చిన అమ్మాయి చేతిలో ఫోన్ లేకుండా ఉండాలనడం నాకు నచ్చదు. తీసే హక్కు ఉండాలి, ఏం తీయాలో తెలిసుండాలి.

నేను తీసింది మొత్తం మూడు క్లిప్పులు, ఒక్కోటి నిమిషం లోపే. రెండు స్టేజీవి. మూడోది చెల్లిది. 'ఎల్లో' పాట వస్తోంది, ముఖం మీద పసుపు వెలుగు, శ్రుతి తప్పి గట్టిగా పాడుతోంది, కళ్లలో నీళ్లు. ఆమె ఎంఎస్‌కి జర్మనీ వెళ్లడానికి టైమ్ దగ్గరపడింది.

కరీంనగర్‌లో అమ్మకి చూపించా. స్టేజీ వీడియో పది సెకన్లు చూసి, "ఇదంతా టీవీల చూసినం గని, మీరిద్దరు ఏడున్నర్రా?" అంది. మూడోది పెట్టా. మళ్లీ పెట్టమంది. ఇప్పుడు చెల్లి అక్కడ, ఆ క్లిప్ అమ్మ ఫోన్‌లో. దాన్ని తీసింది 1ఎక్స్ మెయిన్ కెమెరా. ఏ జూమూ అవసరం రాలేదు.

రివ్యూలు రాసే మాలాంటి వాళ్లం కూడా మారాలి. కాన్సర్ట్ ఫోన్ అని చెప్పాలంటే జూమ్ శాంపిల్‌తో ఆపేయకుండా పెద్ద శబ్దంలో మైక్ ఎలా ఉంది, రద్దీలో బ్యాటరీ ఎంత తగ్గింది, రంగు లైట్ల కింద అడుగు దూరంలో ఉన్న ముఖం ఎలా వచ్చింది అన్నవి టెస్ట్ చేయాలి. మీరు కూడా నెక్స్ట్ షోకి వెళ్తే ఒక్క పాట స్టేజీకి, ఒక్క పాట మీ పక్కనున్నవాళ్లకి ఇవ్వండి. మిగతా పాటలకి ఫోన్ జేబులో ఉండనివ్వండి.